వారం రోజుల జ్వరం

బస్టాండు బాత్రూమ్ అద్దంలో తన మొహం చూసుకుని కుట్టక్క గతుక్కుమంది. జ్వరంతో వారం రోజులు ఆస్పత్రిలో పడుకున్న మనిషి పాలిపోయి రావాలి గానీ, ఇలా కాల్చిన వంకాయలా వస్తుందా?

పౌడరు దట్టంగా కొట్టింది. ఇప్పుడు పౌడరు కొట్టిన వంకాయలా ఉంది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు, నాకా ముచ్చట కూడా తీరేట్టు లేదు అని తనను తానే తిట్టుకుంటూ, చెప్పులు విప్పి ఇసుక దులుపుకుంది.

దేశం కాని దేశంలో, పిల్లల ఆశ్రమంలో ఆర్నెల్లు ఉచితంగా కుట్టుపని నేర్పడానికి వచ్చింది తను. అసలు పేరు నోరు తిరక్క పిల్లలు కుట్టక్క అన్నారు, అదే ఖాయమైపోయింది. మూడు నెలలు పనిచేస్తే వారం సెలవు. సముద్రం ఆరు గంటల ప్రయాణం. వెళ్ళొస్తానంటే, ఆశ్రమం చూసుకునే పెద్దమ్మ సరేనంది. కానీ ఒక్క షరతు పెట్టింది.

"షికారుకని మాత్రం పిల్లలకి చెప్పకు. బడి దాటితే ఈ గేటు, ఈ గేటు దాటితే బడి. అంతకుమించి లోకం చూడలేదు వాళ్ళు. మేమూ వస్తామని ఏడిస్తే నా దగ్గర జవాబు లేదు. నీకు జ్వరం, ఆస్పత్రిలో పెట్టారని నేను చెబుతాలే."

కుట్టక్క తలూపేసింది. సముద్రం మీద మోజు అలాంటిది మరి.

తీరా వెళ్ళాక రెండ్రోజులే బాగుంది. మూడోరోజు నుంచీ, నీళ్ళలో ఎవరి పిల్లలు గంతులేసినా కళ్ళకి గుండీయే కనబడింది.

గుండీకి తొమ్మిదేళ్ళు. కుట్టుగదిలో రాలిన గుండీలన్నీ ఏరి డబ్బాలో దాచుకుంటుంది కాబట్టి ఆ పేరు. "వారంలో వచ్చేస్తానమ్మా" అని చెప్పి తల్లి ఇక్కడ దింపి వెళ్ళి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ ఎవరితోనూ పెదవి విప్పలేదు. రెండు నెలలు కుట్టక్క పక్కన కూర్చుని, సూదుల్లో దారం ఎక్కించి ఇస్తూ ఇస్తూ, ఒకనాడు "అక్కా" అంది. ఆవేళ కుట్టక్క బాత్రూమ్‌లోకి పోయి ఏడ్చింది.

పెద్దవాళ్ళ మాట నమ్మడం మానేసిన పిల్ల నన్నొక్కదాన్నే నమ్మింది. ఆ నమ్మకాన్ని నాలుగు అలల కోసం అమ్ముకున్నాను. ఇలా అనుకున్నాక ముద్ద దిగలేదు.

గేటు తీయగానే పిల్లలంతా చుట్టుముట్టారు.

"జ్వరం తగ్గిందా అక్కా?"

"సూదిమందు వేశారా? ఏ చేతికి?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది కుట్టక్క. ఒక బుడతడు "అక్కా, ఇంత నల్లబడ్డావే..." అనబోతే, పెద్దపిల్ల వాడి నెత్తిన మొట్టికాయ వేసింది.

"జ్వరం వేడికి మొహం కమిలిపోదూ? ఆమాత్రం తెలీదురా?"

గదిలో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. దిండు పక్కన పళ్ళెంలో పన్నెండు బిస్కట్లు. ఆదివారం ఆదివారం తలా రెండు పంచుతారు. అందులో ఒక్కొక్కటి ఆమె కోసం దాచారు. నీరసంగా ఉంటుంది కదా, తినక్కా అన్నారు. ఈ పాపం ఏ గంగలో కడుక్కోవాలిరా దేవుడా అనుకుంది.

సంచీ విప్పితే బట్టల్లోంచి ఇసుక జలజలా నేలమీద పడింది. కుట్టక్క దాన్ని కాలితో మంచం కిందికి తోయబోయింది. వరండాలో పెద్దమ్మ అడుగుల చప్పుడు. పిల్లల మధ్య నిలబడ్డ గుండీ గబగబా చీపురు తెచ్చి ఊడ్చేసింది.

"ఆ ఆస్పత్రి గోడలు బాగా పాతవనుకుంటా అక్కా. సున్నం రాలుతున్నట్టుంది."

ఎంత అమాయకురాలివే తల్లీ! ఇక ఉండబట్టలేక కుట్టక్క తిన్నగా పెద్దమ్మ దగ్గరికి పోయింది.

"గుండీకి నిజం చెప్పేస్తానండీ. నావల్ల కావట్లేదు."

"నీ మనసు తేలికవుతుంది, సరే. నువ్వు కూడా అబద్ధమాడావని తెలిసి అది మళ్ళీ మూగదైపోతే? మూడు నెలల్లో నువ్వు వెళ్ళిపోతావు. దాన్ని ఎవరు మాట్లాడిస్తారు?"

పెద్దమ్మ చెప్పిందీ నిజమే. అయినా ఆ బిస్కట్లు తిని, ఆ పిల్ల పక్కన కూర్చుని, సూదిమందు ఏ చేతికి వేశారో చెప్పే ధైర్యం ఆమెకి లేదు.

కుట్టుగదిలో గుండీ రేపటి పనికి సూదుల్లో దారాలు ఎక్కిస్తోంది. కుట్టక్క ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"గుండీ, నాకు జ్వరం రాలేదు. ఆస్పత్రి మొహమే చూడలేదు. నీతో అబద్ధమాడాను. నీకు నా మీద కోపమొస్తే తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. మాట్లాడ్డం మాత్రం మానకే."

గుండీ చేతిలో సూది ఆగిపోయింది. తర్వాత ఒక్కమాటా అనకుండా లేచి గుమ్మం వైపు నడిచింది. అయిపోయింది, చేతులారా చేసుకున్నాను అని కుట్టక్క కళ్ళు మూసుకుంది.

గుండీ వరండాలోకి అటూ ఇటూ తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది.

"గట్టిగా అనకక్కా, మాకు తెలుసని తెలిస్తే పెద్దమ్మ పాపం బాధపడుతుంది... పోయినసారి జ్వరమొచ్చిన అక్క మంచుకొండలకి వెళ్ళొచ్చింది, మరి నువ్వెక్కడికెళ్ళావు?"