వరద అనగా

"వరద అంటే ఏంటండీ?" అని అడిగాడు కాగితం రాస్తున్న ముసలాయన.

కచేరీ అరుగు మీద ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. గోదారి గట్టున పుట్టినవాళ్ళను పట్టుకుని ఆ మాట అడిగితే నవ్వరూ మరి!

సత్తియ్య మాత్రం నవ్వలేదు. గోదారి నడుమనున్న జువ్విలంక కౌలు కాగితం ఎంత త్వరగా పూర్తవుతుందా అని అతని ఆత్రం. ఊళ్ళో సెంటు భూమి లేదు. ఈ లంక కూడా దక్కకపోతే పెళ్ళాం పిల్లల్ని వదిలి, కాకినాడలో ఓడెక్కి రంగూన్ కూలికి పోవడమే గతి.

లంక యజమాని పెదబాబు గారి తరపున గుమాస్తా బంగార్రాజు వచ్చాడు. షరతు ఒక్కటే. వరద వచ్చేనాటికి లంక ఖాళీ చేయాలి. అప్పటికి లంక మీద మిగిలిన పైరూ సరుకూ పెదబాబు గారివి.

"వరదంటే వరదే. రాయవయ్యా" అన్నాడు బంగార్రాజు.

"ఎంత నీరొస్తే వరదో కూడా రాయాలండి."

ముసలాయన కలం సిరాలో ముంచి, పైకి చదువుకుంటూ ఒక్కో అక్షరం పట్టిపట్టి రాశాడు. 'వరద అనగా రేవు రాతిమెట్లలో పై నుంచి మూడో మెట్టు మునుగుట. అంతకు తక్కువ నీరు వరద కాదు.'

బంగార్రాజు కండువా దులుపుకుని లేచాడు.

"బాబుగారి మాట మీద నమ్మకం లేనోడికి లంకెందుకురా? బయట ఇంకో ఇద్దరు కాసుక్కూచున్నారు."

సత్తియ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"కొట్టేయవయ్యా! ఆ ముక్క కొట్టేయి!"

"తొందరపడకు అబ్బీ. నా మాట విను." ముసలాయన అతని చెయ్యి పట్టుకున్నాడు.

సత్తియ్య విదిలించుకున్నాడు. "నీడపట్టున కూచుని రాసుకునేవాడివి, లంక మొహం ఎప్పుడన్నా చూశావా? నా నోటికాడ కూడు తీయకు!"

ముసలాయన కలం అందుకున్నాడు. వాక్యం మీద అడ్డగీత గీశాడు. కొట్టివేత ఉంటే ఎవరు కోరారో రాయడం దస్తావేజుల పద్ధతి. 'సత్తియ్య కోరిక మీద కొట్టివేయడమైనది' అని పక్కనే రాశాడు. అప్పట్లో చదువు రాని రైతులు సంతకానికి బదులు నాగలి బొమ్మ గీసేవారు. సత్తియ్య కూడా వంకరటింకరగా ఓ నాగలి గీసి, బతుకు జీవుడా అని బయటపడ్డాడు.

ఆ ఏడు లంకలో పొగాకు ఏపుగా పెరిగింది. పాత రైతెవరో ఎత్తుగా కట్టి వదిలేసిన మట్టిదిబ్బ మీద సత్తియ్య పాక వేసి, ఎండిన ఆకును అందులో దొంతరలుగా పేర్చి మండె వేశాడు. 'దిబ్బ కట్టినవాడెవడో గానీ నీటి సంగతి ఎరిగినవాడే' అనుకున్నాడు. పది రోజులాగితే ఆకు పదునుకొస్తుంది, పడవకెత్తొచ్చు.

ఈలోగా ఎగువన వానలు పడి ఎర్రనీళ్ళు ముందే దిగాయి. నీరు మూడో మెట్టుకు నిలువెత్తు కిందే ఉంది. అయినా కొత్తనీరు కనిపిస్తే గోదారమ్మకు పసుపూ కుంకుమా ఇచ్చుకోవడం అక్కడి ఆడవాళ్ళ ఆనవాయితీ. సత్తియ్య భార్య సుబ్బాయమ్మ నలుగురితో పాటు రేవులో దిగి హారతిచ్చింది.

"వరదై వచ్చావా తల్లీ! నా పిల్లల్ని చల్లగా చూడు."

మర్నాడు పొద్దున్నే బంగార్రాజు నాలుగు పడవలతో దిగాడు.

"వరదొచ్చింది. పొగాకు పడవలకెత్తండ్రా!"

"ఇదేం వరదండీ బాబూ! ఆ పాయను మేకపిల్ల దాటుతోంది చూడండి!"

"నీ పెళ్ళామే నిన్న వరదొచ్చిందని హారతిచ్చింది కదరా. రేవంతా విన్నారు."

సుబ్బాయమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

సత్తియ్య కోర్టుకెక్కాడు. మునసబు గారు కాగితం తిరగేసి చూశారు.

"మూడో మెట్టు మునిగితేనే వరద అని ముందు రాశారే. కొట్టించింది నువ్వేనా?"

"నేనేనండి."

"అంటే, ఆ అర్థం వద్దని ఒప్పుకున్నట్టేగా?"

మునసబు గారు దావా కొట్టేశారు. పొగాకు పోయింది. లంక పోయింది. ఇక మిగిలింది కాకినాడ ఓడే.

వెళ్ళేముందు ఆ ముసలాయన కాళ్ళ మీద పడాలనిపించింది. తీరా వెళితే కచేరీ అరుగు మీద అతని చోటు ఖాళీగా ఉంది.

"పోతురాజు పోయాడయ్యా, పన్నెండు రోజులైంది" అన్నాడు పక్కన కూర్చుని కాగితాలు రాసే చిట్టియ్య. "నీ దావా సంగతి విని, సాక్ష్యం చెప్తానని జ్వరంలోనే లేవబోయాడు. లేవలేకపోయాడు."

ఆయన పేరు పోతురాజని సత్తియ్యకు అప్పుడే తెలిసింది. గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"నాలాంటోడి కోసం ఎందుకండీ అంత తాపత్రయం?"

చిట్టియ్య ముసలాయన పెట్టె తెరిచాడు. సిరాబుడ్డి, రెండు కలాలు, అడుగున మడతలు చిరిగిన కాగితం ఒకటి.

"జువ్విలంక కౌలు... వరద వచ్చేనాటికి ఖాళీ చేయాలి..." చిట్టియ్య చదువుతూ ఆగాడు. "ఇది ముప్పై ఏళ్ళ కిందటిదయ్యా. పెదబాబు గారి నాన్నగారి హయాంలోది."

"ఇదీ ఆయన రాసిందేనాండి?"

"కాదు. అప్పటికి ఆయనకు అక్షరమ్ముక్క రాదు."

చిట్టియ్య కాగితాన్ని అతని వైపు తిప్పాడు.

అడుగున, కౌలుదారు పోతురాజు అన్న పేరు పక్కన, సత్తియ్య గీసినట్టే వంకరటింకరగా ఓ నాగలి బొమ్మ ఉంది.