నోరు తిరగని పేరు

"ఆ గడ్డపార కింద పెట్టు! రాయి మీద దెబ్బ పడ్డదంటే మంచిగుండదు, చెప్తున్న!"

భాగీరథి అరుపుకు కూలీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బీదర్ నుంచి క్రేన్ తోలుకొచ్చిన గురులింగప్ప, ఇదేం గొడవ అన్నట్టు అనిల్ వైపు చూశాడు.

ఝరాసంగం దారిలో, భాగీరథి అల్లం చేను గట్టును ఆనుకుని ఉంది ఆ పాత సమాధి. దాని మీద నల్లరాయి. రాయి మీద ఇంగ్లీషు అక్షరాలు, ఆ అక్షరాల మీద ఎండిపోయిన పసుపు.

"జాగా సర్కారుది, నీది కాదు," అన్నాడు అనిల్. "అనుమతి తెచ్చుకునే వచ్చాను. ఈ రాయి ఇంగ్లండు వెళ్తోంది. ఈ సమాధిలో ఉన్న దొర అన్నగారి వంశం వాళ్లు అక్కడ ఎదురుచూస్తున్నారు."

అనిల్ జహీరాబాద్‌లో ఇంజనీరు. సెలవు దొరికితే చాలు, పాత తెల్లదొరల చరిత్ర తవ్వుతాడు. రెండు వందల ఏళ్ల కిందట ఇటు వచ్చి, చెరుకు వేసి, ఇక్కడే కన్నుమూసిన ఈ దొర పుట్టుపూర్వోత్తరాలన్నీ అతనికి కంఠతా వచ్చు. ఏ ఓడ ఎక్కాడో కూడా చెప్తాడు. సొంత తాతకు తండ్రి పేరడిగితే మాత్రం కాకినాడలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చెయ్యాల్సిందే.

"ఎవరు ఎదురుచూస్తే నాకేంది? పెద్దాయన ఈడనే ఉంటడు."

"ఓహో, దేవుణ్ణి చేసేశారా? అందుకేనా ఈ పసుపూ అదీ!"

"దేవుడని నేనన్ననా? పెద్దాయన అంటున్న."

"చూడమ్మా, ఆయనకు ఇక్కడ పెళ్లి లేదు, పిల్లల్లేరు. పాపం, దిక్కులేని చావు చచ్చాడు. ఇన్నాళ్లకు సొంతవాళ్లు..."

"దిక్కులేనోడా? మల్ల అను ఆ మాట!"

కూలీ చేతిలోని గడ్డపార లాక్కుని చేలోకి విసిరేసింది భాగీరథి. ఎదురుగా క్రేను, లారీ, ఇంతమంది మగవాళ్లు. ఆమెకు లెక్కే లేదు. కొంగు నడుముకు చెక్కి, రాయికి అడ్డంగా నిలబడింది.

అనిల్‌కు ఒళ్లు మండింది. "సరే, నీకంత కావలసినవాడే అయితే ఆయన పేరు చెప్పు. ఒక్కసారి చెప్పు చాలు, లారీ వెనక్కి తిప్పేస్తాను."

భాగీరథి మొహం రాయి వైపు తిప్పుకుంది.

"నోరు తిరగట్లేదా? నేను నేర్పిస్తాలే. శామ్యూల్ హేవుడ్. ఏదీ, అను... శా... మ్యూ... ల్."

కూలీలు కిసుక్కున నవ్వారు. భాగీరథి నడుముకు చెక్కిన కొంగు తీసి తల మీదికి లాక్కుంది. ఎండ అలా మాడ్చేస్తోంది మరి.

"పేరు గావాల్నంటే మా ఇంటాయన వచ్చినంక అడుగు. కోహీర్ పోయిండు. వస్తే చెప్తడు."

"ఆయన నాలుగక్షరాలు చదువుకుని ఉంటాడు, చెప్తాడు. నిన్ను చెప్పమంటున్నాను."

"నేను చెప్ప."

"రాదని ఒప్పుకోరాదూ?"

"నా పానం పోయినా చెప్ప. రాయిని కదలనియ్య. ఏం జేస్కుంటవో జేస్కో, పో!"

అనిల్ కూలీల వైపు తిరిగి చేతులు చాచాడు. "విన్నారుగా? పేరు కూడా తెలియని మనిషి కోసం ప్రాణాలిస్తుందట! ఇదీ వీళ్ల భక్తి. గురులింగప్పా, నువ్వు క్రేన్ దించవయ్యా."

గొలుసు గరగరమంటూ కొక్కెం కిందికి దిగింది. భాగీరథి రెండు చేతులతో దాన్ని పట్టుకుని, బలమంతా పెట్టి అవతలికి తోసేసింది. తల మీది కొంగు మాత్రం జారనివ్వలేదు.

"పేరు తెల్వక కాదు సారూ! మీ ఇండ్లల్ల ఎట్లనో గని, మా ఇంట్ల కోడండ్లు మామల పేరు, మామల తాతల పేరు నోటితోని తియ్యరు!"