తాళం వేసిన పెళ్ళి

ఫ్యాను ఆపేశారు. కిటికీలు మూసేశారు. కర్టెన్లు లాగేశారు. కాలింగ్ బెల్ తీగ కూడా పీకేశారు. గది మధ్యలో ఇంటాయన రెండు చేతులతో ఫోను పట్టుకుని ల్యాప్‌టాప్ ముందు బొమ్మలా నిలబడ్డాడు. పెళ్ళి అయ్యేదాకా కదలకూడదు. దగ్గకూడదు. తుమ్మితే మళ్ళీ మొదటికొస్తుంది.

పెళ్ళి వీడియో తీసిన స్టూడియోవాళ్ళు అప్పట్లో కాపీ చేతికివ్వలేదు. తమ సైట్లో పెట్టి లింకు ఇచ్చారు. బ్రౌజర్లో ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు, దించుకోవడం మాత్రం కుదరదు. పెన్‌డ్రైవ్‌లో కావాలంటే వేరే డబ్బులన్నారు. లింకు జీవితాంతం ఉంటుందంటున్నారుగా, ఇంకా పెన్‌డ్రైవ్ ఎందుకు దండగ అని పెద్దావిడే వద్దంది. ఎవరి జీవితాంతమో ఆవిడ అడగలేదు. స్టూడియోదట. ఇవాళ సాయంత్రంతో అది మూతపడుతోంది.

పెద్దావిడంటే ఇల్లాలి అత్తగారు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఊళ్ళో ఆడవాళ్ళంతా సీరియల్ చూస్తే ఆవిడ ఈ పెళ్ళి చూస్తుంది. రోజూ. ఎన్నోసారో ఆవిడకే తెలీదు. అయినా ఫొటోల దగ్గరికొచ్చేసరికి, కాలర్ సరిచేసుకోమని తెర బయటి నుంచి పెళ్ళికొడుక్కి ప్రతిసారీ చెబుతుంది. అతను ప్రతిసారీ వినిపించుకోడు.

పొద్దున్నే ఇల్లాలి తమ్ముణ్ణి పిలిపించారు. కంప్యూటర్ ఉద్యోగం కాబట్టి ఈ ఇంట్లో మిక్సీ చెడినా అతన్నే పిలుస్తారు. తెర మీద కనిపించేదాన్ని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఏదో పెట్టి, కాలు మీద కాలేసుకుని కాఫీ తాగాడు. తీరా తెరిచి చూస్తే మాటలు, నవ్వులు, ప్లేట్ల చప్పుడు అన్నీ ఉన్నాయి. బొమ్మ మాత్రం కటిక నలుపు. కరెంటు పోయినా ఎవరూ పట్టించుకోని పెళ్ళిలా ఉంది.

"లాకు బావా," అన్నాడు మెచ్చుకుంటున్నట్టు. "బ్రౌజర్లోనే ఉంటుంది. కాపీ చేయబోతే బొమ్మ నల్లబడిపోద్ది. గట్టిగా చేశారు."

సినిమాలకి వేసుకోమను, పెళ్ళికెందుకు తాళం అని ఇంటాయన అడిగాడు. పక్కింటివాళ్ళు పెళ్ళి వీడియో ఊరికే చూపిస్తామన్నా పనుందని పారిపోతాం, దొంగిలించి మరీ చూసేవాడెవడు? ఆ తేడా కంప్యూటర్‌కి తెలీదన్నాడు బావమరిది. అసలు తాళాలే లేకపోతే రేపట్నించి సినిమాలు తీసేవాడే ఉండడన్నాడు. తన ఫోన్లో ఉన్న దొంగ సినిమాల సంగతి ఆ సందర్భంలో అతనికి గుర్తురాలేదు.

"వీడియో మనది, తాళం వాళ్ళది. వేసినవాడు కొట్టు కట్టేసి పోతే లోపలున్నవాళ్ళ గతేంట్రా?" అన్నాడు ఇంటాయన.

అది పాలసీ అన్నాడు బావమరిది. చర్చ భోజనాలదాకా సాగి, భోజనాల్లోకి కూడా వచ్చింది. చివరికి అతను పెద్దావిడ వైపు తిరిగాడు.

"రోజూ చూసేదేగా అత్తయ్యా. కంఠతా వచ్చేసుంటుంది. ఇంకా కాపీ ఎందుకు?"

"కంఠతా వచ్చినవే మర్చిపోతున్నాను బాబూ."

ఇంటాయన చెయ్యి కడుక్కుని, తెరనే వీడియో తీద్దామని తన ఫోను తీశాడు. పుస్తకాల దొంతర మీద నిలబెడితే జారిపోయింది. ఆపి ఆపి తీద్దామంటే, ఆఖరి రోజు కాబట్టి పెళ్ళైనవాళ్ళంతా ఆ సైటు మీదే పడ్డారు. ఒకసారి ఆగితే మళ్ళీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

అందుకే ఈ నిలబడటం.

తెర మీద పెళ్ళికొడుకు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అతనికి తల నిండా జుట్టు. ఫోను పట్టుకున్న మనిషికి అంత లేదు. ఫొటోల క్యూ మొదలైంది. వస్తారు, నిలబడతారు, పోతారు. క్యూ తరగదు. ఇంటాయన చేతులు మొద్దుబారాయి. చెవి వెనక నుంచి చెమట మెడలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేదు. ముక్కు మీద ఈగ వాలింది. అదీ పెళ్ళికే వచ్చినట్టు తీరిగ్గా కూర్చుంది.

"ఇప్పుడు మా తమ్ముడు కుర్చీ తన్నుకుని పడతాడు చూడు," అంది పెద్దావిడ. బావమరిది మూతి మీద వేలేసుకున్నాడు. తెర మీద ఆవిడ తమ్ముడు పడ్డాడు.

ఇల్లాలు వంటింటి గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. తెర వైపు చూడటం లేదు. మధ్యలో ఓసారి వచ్చి, తువ్వాలుతో ఆయన నుదురు తుడిచి, ఈగని తోలి, వచ్చినంత మెల్లగా వెళ్ళిపోయింది.

పెళ్ళి చివరికొచ్చింది. పెళ్ళికొడుకు వేదిక దిగి తల్లి భుజం మీద చెయ్యేశాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. బొమ్మ ఆగిపోయింది. తెరిచిన ఆ నోటి మీద చిన్న చక్రం గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

ఎవరూ కదల్లేదు. బఠాణీల చప్పుడూ ఆగింది. ఇంటాయన ఫోను దించలేదు. పెద్దావిడ ముందుకు వంగి, ఎక్కిళ్ళొచ్చిన పిల్లాడి వీపు రాసినట్టు ల్యాప్‌టాప్ వీపు రాసింది.

"అమ్మా, అటు కాదు, ఇటు చూడు. కెమెరా ఇక్కడుంది," అన్నాడు పెళ్ళికొడుకు.

కాసేపటికి సైటు మూతపడి తెర తెల్లబడింది.

తీసిన కాపీ అందరూ కూర్చుని చూశారు. పెళ్ళి కొంచెం ఓ పక్కకి ఒరిగింది. మొదటి నుంచి చివరిదాకా ఎవరో బస్తా మోస్తున్నట్టు ఆయాసం వినిపిస్తోంది. అది బావదేనని, సాఫ్ట్‌వేర్‌తో ఇట్టే తీసెయ్యొచ్చని బావమరిది ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు.

"ఉండనీ బాబూ, తీసెయ్యకు," అంది పెద్దావిడ.

పోయిన తన కొడుకు పెళ్ళికి, కోడలి రెండో భర్త కూడా వచ్చినట్టుందట.