ఇవాళ్టి వంతు

"అత్తయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను. ఇవాళ్టికి ఆ దేశాన్ని వదిలేయండి!"

మొహమంతా జట్టు రంగులు పూసుకుని, మెడలో ఈల వేసుకుని, అల్లుడు టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. ఫుట్‌బాల్ ఫైనల్ మొదలవబోతోంది. అత్తగారి ప్రార్థన క్యాలెండర్‌లో రోజుకో దేశం. ఇవాళ్టి గడిలో సరిగ్గా ఎదుటి జట్టు దేశమే పడింది.

"ఎలా వదిలేస్తాను బాబూ? మళ్లీ వాళ్ల వంతు ఆరు నెలలకి గానీ రాదు."

"అయితే వాళ్ల వానల కోసం ప్రార్థన చేయండి, పంటల కోసం చేయండి. వాళ్ల గోల్‌కీపర్ జోలికి మాత్రం వెళ్లకండి! అసలే వాడు గోడ."

"గోడేమిటి, తల్లి కన్న బిడ్డ." ఆవిడ కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, గోలు దగ్గర నిలబడే ఆ పిల్లాణ్ణి చల్లగా చూడు."

"అయిపోయింది! కొంప మునిగింది!"

పక్కనే కూర్చున్న అతని భార్య పగలబడి నవ్వింది.

ఆట ఆఖరి నిమిషానికి వచ్చింది. మన జట్టువాడు తన్నిన బంతి కోసం ఆ గోల్‌కీపర్ గాల్లోకి లేచాడు. బంతి వలలో పడింది. అతని తల గోలు స్తంభానికి కొట్టుకుంది. పడినవాడు కదల్లేదు.

వీధంతా ఈలలు, కేకలు. అత్తగారు కుర్చీలోంచి ఎగిరి లేచారు.

"గెలిచాం బాబూ! ఊదు, ఈల ఊదు!"

"ఉండండత్తయ్యా, ముందు వాణ్ణి లేవనివ్వండి! ప్రభువా, లేపు... లేపు నాయనా, వాళ్లమ్మ చూస్తుంటుంది!"

గోల్‌కీపర్ మెల్లగా లేచి, తల తడుముకుని, చెయ్యి ఊపాడు.

అప్పుడు మోగింది, ఆ వీధిలో అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా, అల్లుడి ఈల.