అధ్యక్షురాలి ఆఖరి ప్రశ్న

"రెండుసార్లు కబురు పంపాం. రెండుసార్లూ రాలేదు," అంది అధ్యక్షురాలు. "పార్లమెంటు కమిటీ అంటే మీ ప్రభుత్వానికి అంత చులకనా?"

"పని ఒత్తిడి మేడమ్," అన్నాడు మంత్రి.

"పని ఒత్తిడా, భయమా?"

మంత్రి తల దించుకున్నాడు. మంత్రులకి మామూలుగానే జ్ఞాపకశక్తి అంతంతమాత్రం. కమిటీ ముందు కూర్చోగానే ఆ కాస్తా ఆవిరైపోతుంది. 'గుర్తులేదు', 'పరిశీలించి చెబుతాను', 'అధికారులను అడగాలి' అనే ముక్కలతోనే పదవీకాలమంతా నెట్టుకొచ్చిన మహానుభావులున్నారు. ఈయనా ఆ బాపతే.

బల్లకి ఆ చివర ఆవిడ, ఈ చివర ఆయన. మధ్యలో కుర్చీలన్నీ ఖాళీ. వాటి సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు. ఆవిడ చేతిలో కాగితం ముక్కయినా లేదు. అడగవలసినవన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

ఆయన చొక్కా పై బొత్తాం ఊడి ఉంది. పెట్టుకోమన్నట్టు ఆవిడ కళ్ళతోనే సైగ చేసింది. ఆయన గబగబా పెట్టుకున్నాడు.

"అడిగిన ఫైళ్ళలో సగం రానేలేదు. ఎలుకలు కొట్టేశాయని జవాబు రాశారు."

"పాత గది మేడమ్. ఎలుకలు ఎక్కువ."

"గదినిండా ఫైళ్ళుండగా వాటికి వంతెన ఫైలే రుచిగా ఉందా?"

ఇంకో సందర్భంలో అయితే ఆయన నవ్వేవాడే. ఇప్పుడు నవ్వు రాలేదు.

బస్టాండు ముందు రోడ్డు దాటడానికి కట్టిన కాలినడక వంతెన అది. ప్రారంభించిన వారం లోపే కూలిపోయింది, అదీ సరిగ్గా బడి వదిలే వేళ. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది పిల్లలే. వంతెన ఇంకా సిద్ధం కాలేదన్న సంగతి పైవాళ్ళకి చెప్పలేదని ఇంజనీరుని జైల్లో పెట్టారు. చెప్పాననీ, ఫోన్ చేసి మరీ చెప్పాననీ అతను మొత్తుకున్నాడు. ఫోన్లో అన్న మాటకి రుజువు ఎక్కడుంటుంది?

"తప్పు ఇంజనీరుదని విచారణలో తేలింది మేడమ్," అన్నాడు మంత్రి.

"తేలిందా, తేల్చారా?"

ఆయన మళ్ళీ చొక్కా బొత్తాం తడుముకున్నాడు.

"మీరొక్క మాట చెబితే అతను ఇంటికెళ్తాడు. చెప్పకపోతే జైల్లోనే ఉంటాడు. అతని భార్య వరండాలో కూర్చుంది. వచ్చేటప్పుడు చూసే ఉంటారు."

"చూశాను," అన్నాడాయన. "లేచి నుంచుని నమస్కారం పెట్టింది. నేను ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ వచ్చేశాను."

ఆయన నిజంగా ఫోన్లో మాట్లాడింది అంతకు కాస్త ముందు, పార్టీ పెద్దాయనతో. 'కమిటీవాళ్ళకి ఒక్క ముక్క దొరికిందంటే మన ప్రభుత్వం వీధిన పడుతుంది. నోరు జాగ్రత్త,' అన్నాడు పెద్దాయన. ఆ మాట ఇంకా చెవిలో గింగురుమంటూనే ఉంది.

అధ్యక్షురాలు వేళ్ళతో బల్లమీద తట్టింది.

"ఇక ఆఖరి ప్రశ్న. వంతెన తెరవద్దని ముందుగా మీకెవరైనా చెప్పారా?"

ఆయనకి దగ్గు తెర వచ్చింది. వస్తుందని ముందే తెలిసినట్టు ఆవిడ నీళ్ళ గ్లాసు ఇటు జరిపింది. గోరువెచ్చని నీళ్ళు. చల్లనివి ఆయన గొంతుకి పడవు.

"తొందరేం లేదు," అంది. "తాగి చెప్పండి."

ఆయన తాగాడు. గ్లాసు దించలేదు, దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పాడు. ఆ ఇంజనీరే చెప్పాడు. ప్రారంభానికి ముందురోజు ఫోన్ చేశాడు. కాంక్రీటు ఇంకా గట్టిపడలేదు సార్, ఒక్క నెల ఆగండి అని బతిమాలాడు. పెద్దాయన వస్తున్నాడు, శిలాఫలకం మీద తారీకు కూడా చెక్కించేశాం. నువ్వా నాకు చెప్పేది, నోరు మూసుకుని నీ పని చూసుకో అన్నాను."

"నోరు మూసుకున్నాడా?"

"లేదు. మళ్ళీ చేశాడు. చేస్తూనే ఉన్నాడు. నేను తియ్యలేదు."

ఆయన గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"అతని తప్పేమీ లేదు. తప్పంతా నాదే. ఆ పిల్లల్ని నేనే పొట్టన పెట్టుకున్నాను." ఆయన ఏడ్చేశాడు. ఇంత వయసొచ్చి ఏడుస్తున్నందుకు సిగ్గేసింది. అయినా గుండె మీంచి బండ దిగినట్టుంది. మాట ఇంత తేలిగ్గా బయటికొస్తుందని తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు మోశానా అనిపించింది.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అలా తుడుచుకోవడం రివాజు కాదు.

"ఇది మీ వాంగ్మూలంగా రాసుకోవచ్చా?"

"రాసుకోండి. ముందు అతన్ని వదిలిపెట్టమనండి మేడమ్. ఇవాళే వదిలిపెట్టమనండి."

ఆవిడ లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"అతను జైల్లోనే పోయాడు కదండీ," అంది మెల్లగా. "లేవండి. మొహం కడుక్కోండి, భోజనం వడ్డిస్తాను."

అసలు కమిటీ ఈ ప్రశ్న అడగడానికి ముందు, ఈ భోజనాల బల్ల దగ్గరే, ఇలాగే అధ్యక్షురాలిలా ఎదురుగా కూర్చుని, 'నాకెవరూ చెప్పలేదు' అన్న జవాబుని తడుముకోకుండా వచ్చేదాకా భర్త చేత వల్లె వేయించింది ఆవిడే.