అమావాస్య దాకా

పటాన్‌చెరు బజార్లో సోమేశ్వర్ కిరాణా కొట్టు తలుపు మీద రాయి పడింది.

అది అరవై తొమ్మిది ఎండాకాలం. తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతోంది. బస్సులు నిలిచిపోయాయి.

"మన మీద కోపం గాదు. మిద్దె మీద కిరాయికున్న ఆంధ్రా సారు మీద," అంది భార్య శకుంతల.

సోమేశ్వర్ మిద్దె ఎక్కాడు.

భీమశంకరం ఓ గాజు పలకను కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. బస్సులు ఆగకముందు ఏలూరు నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక పాత చెక్క కెమెరాతో వచ్చాడు.

"గదేంది సారూ, అద్దం నిండ ఈగలు రెట్టలేసినట్టున్నది?"

"నక్షత్రాలండీ. గాజు పలక మీద ఫోటో తీస్తే వెలుగు నల్లగా పడుతుంది."

"మనుషులు లేనిది గూడ ఫోటోనేనా!"

నవ్వబోయి ఆగాడు. వచ్చిన పని గుర్తొచ్చింది.

"మీరు గది ఖాళీ చెయ్యాలె సారూ. పోరగాండ్లు రాళ్లేస్తున్నరు. నాకు కొట్టున్నది, ముసలి తల్లున్నది."

"అమావాస్య దాకా ఉండనివ్వండి. ఒక్క చీకటి రాత్రి చాలు. తర్వాత నడిచైనా వెళ్లిపోతాను."

"అమావాస్యకు ఏం పని సారూ?"

"ఒక ఫోటో తీయాలి."

సోమేశ్వర్ కిందికి దిగి తల పట్టుకున్నాడు. "సుక్కల పిచ్చోడు. ఇగ ఐదు దినాలు ఓర్సుకుందాం."

కానీ ఆ ఐదు రోజులు తల్లి రాజవ్వకే లేనట్టున్నాయి. మర్నాడు పొద్దున జావ కూడా మింగలేదు. వైద్యుడు చెయ్యి పట్టి చూసి, సోమేశ్వర్‌ను బయటికి పిలిచాడు.

లోపలికి వచ్చాక సోమేశ్వర్ గోడ వంక చూస్తూ నిలబడ్డాడు.

"మా నాయిన పోయినప్పుడు గోడకు పెట్ట ఒక్క ఫోటో లేకుండె. ఇప్పుడు ఆయన మొఖమే యాదికొస్తలేదు నాకు. అవ్వది గూడ గట్లనే అయితదా?"

సంగారెడ్డిలో స్టూడియో మూతపడింది. హైదరాబాదుకు బండి లేదు.

శకుంతల పైకి చూసింది. "సారు దగ్గర కెమెరా ఉన్నది గద?"

"పొమ్మన్న నోటితోటి ఎట్లడుగుత?"

"నేనడుగుత."

శకుంతల చెప్పింది విని భీమశంకరం ట్రంకు తెరిచాడు. అందులోంచి నల్ల కాగితం చుట్టిన పలక ఒకటి తీశాడు. మళ్లీ లోపల పెట్టాడు. మళ్లీ తీశాడు.

"ఆవిడ కూర్చోగలరా అమ్మా?"

రాజవ్వను ఎత్తుకొచ్చి గడప దగ్గర ఎండలో కూర్చోబెట్టారు. భీమశంకరం వాకిలి చివర కెమెరా నిలిపాడు.

"కాస్త ఊపిరి బిగబట్టి ఉండండి అమ్మగారూ."

"బిగబట్టుడెందుకు బిడ్డా, రేపో మాపో అదే ఆగుతది!"

తనన్న మాటకు తనే నవ్వింది రాజవ్వ. ముక్కుపుడక తళుక్కుమంది. ఆ నవ్వు మీదే ఆయన కెమెరా మూత తీసి, మూశాడు.

"నవ్వింది సారూ, ఖరాబయ్యిందేమో. ఇంకోటి తియ్యిండి," అన్నాడు సోమేశ్వర్.

"ఇదొక్కటేనండీ."

సాయంత్రానికి పలక కడిగి, ఆరబెట్టి ఇచ్చాడు. "బస్సులు నడిచాక స్టూడియోలో ఇవ్వండి. కాగితం మీద వేసిస్తారు."

మర్నాడు తెల్లవారేసరికి ట్రంకు, కెమెరాతో కిందికి దిగాడు.

"అమావాస్య దాకా ఉంటనంటిరి గద సారూ?"

"ఇక పని లేదండీ."

సోమేశ్వర్ ఉండమని అనలేదు. శకుంతల జొన్నరొట్టెలు కట్టిచ్చింది. ఆయన హైదరాబాదు బాటన నడిచిపోయాడు.

అమావాస్య ముందు రోజు రాజవ్వ పోయింది.

మరుసటి ఎండాకాలం కొట్టు ముందు ఒకావిడ బస్సు దిగింది.

"నా పేరు హైమావతి. భీమశంకరం గారి దగ్గర చదువుకున్నాను. మాస్టారు పోయిన నెల కాలం చేశారు."

శకుంతల చాప వేసింది. హైమావతి సంచిలోంచి ఆ ఈగల రెట్టల పలక బయటికి తీసింది.

"ఇది మాస్టారి గురువు గారు యాభై ఏళ్ల కింద తీసింది. నక్షత్రాలు ఒకదాని పక్క నుంచి ఒకటి మెల్లగా జరుగుతూనే ఉంటాయి. మన కంటికి ఒక జన్మలో తెలియదు. ఈ ఒక్క చుక్క మాత్రం ఈ యాభై ఏళ్లలో ఆవగింజంత జరగాలి. అదే కెమెరాతో, అదే రుతువులో మళ్లీ ఫోటో తీసి కొలవమని గురువు గారు మాట తీసుకున్నారట."

"గందుకా అమావాస్య అన్నడు," అంది శకుంతల మెల్లగా.

"కోస్తాలో ఎండాకాలం ఆకాశం మసగ్గా ఉంటుంది. ఈ మెట్ట మీద తేటగా ఉంటుందని ఇంత దూరం వచ్చారు. ఆ కెమెరాకు సరిపోయే పలకలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. వాడనిది ఒక్కటే దాచుకున్నారు."

సోమేశ్వర్ శకుంతల వంక చూశాడు.

"తీశారా మాస్టారూ అని అడిగాను. 'తీశాను, బాగా వచ్చింది. పటాన్‌చెరులో ఉంది' అన్నారు. తర్వాత మాట పడిపోయింది."

శకుంతల లోపలికి వెళ్లింది. పాత చీరగుడ్డలో చుట్టిన పలక తెచ్చి, తలెత్తకుండా హైమావతి చేతుల్లో పెట్టింది.

హైమావతి దాన్ని వెలుగుకి ఎత్తి, ఆవగింజంత జరిగిన ఆ చుక్క కోసం వెతికింది.

పలక మీద ఉన్న నల్ల చుక్క ఒక్కటే, నవ్వుతున్న రాజవ్వ ముక్కుపుడక.