జకరయ్య వీపు మీది పొర

పక్షవాతంతో మంచాన పడ్డ జకరయ్యకు ఒళ్లు పుండ్లు పడకూడదని, దవాఖానవాళ్లు చర్మంలా సాగే పల్చటి పొర ఒకటి వీపుకూ పక్కలకూ అంటించి పంపారు. ఒళ్లు ఎక్కడ మంచానికి నొక్కుకుపోతే, ఫోన్‌లో కనిపించే ఆయన ఒంటి బొమ్మ అక్కడ ఎర్రబడి, ఫోన్ కూత పెడుతుంది. అప్పుడు యేసమ్మ లేచి మొగుణ్ణి దొర్లించాలి. నెలలుగా ఆమెకు కంటినిండా నిద్ర లేదు.

"ఎన్నిసార్లు దొర్లిస్తవే, నేనేమన్న బియ్యం బస్తానా?" అన్నాడు జకరయ్య.

"బస్తావైతే మంచిగుండు. మూలకేసి పండుకుందు."

ఆయన్ని గోడవైపు తిప్పి లైటు ఆర్పిందో లేదో, ఫోన్ కూసింది. మంచానికి తగలని వీపు నడుమ, అయిదు వేళ్లతో అరచేయంత ఎరుపు. వేడి కూడా చూపిస్తోంది. అక్కడ మాత్రం ఎవరూ లేరు.

యేసమ్మకు భయపడే ఓపిక కూడా లేదు.

"నువ్వెవరైతేంది, ఈ ఒక్కపారి నువ్వే తిప్పు. నేను జర పండుకుంట," అని చాపమీద ఒరిగింది.

మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటే. ఫోన్ కూయనే లేదు. తీసి చూసింది. పొర వెచ్చగానే ఉన్నట్టు చూపిస్తోంది, ఎరుపు మాత్రం ఎక్కడా లేదు. ఆయన బరువు మంచానికి ఎక్కడా ఆనడం లేదు.

పైనుంచి, దూలాల దగ్గరనుంచి, జకరయ్య గొంతు మెల్లగా వినిపించింది.

"యేసమ్మా, ఇగ దించుమనవే."